క్రిమినల్ కేసులో లాయర్ని మార్చడం, ఇచ్చిన ఫీజు వెనక్కి అడగడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరవై రెండేళ్లుగా జిల్లా కోర్టులో వకీలు గుమాస్తాగా పనిచేస్తున్నాను. నేను లాయర్ని కాను. కానీ వకాలత్‌లు (కేసు నడపడానికి లాయరుకి అధికారం ఇచ్చే కాగితాలు) నింపడం, స్టాంపులు అంటించడం, కాపీ అప్లికేషన్లు పెట్టడం, కేసు కట్టలు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి మోయడం నా పని. లాయర్ని మార్చుకోవాలనుకునేవాళ్లు ముందు లాయర్ని అడగరు, గుమాస్తాని పక్కకి పిలిచి అడుగుతారు. అడిగేవి తిప్పి తిప్పి ఇవే ప్రశ్నలు. అందుకే ఒకచోట రాసి పెట్టాను. ఇవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కోర్టుల్లో ముద్దాయిల తరఫు వాళ్లకి పనికొచ్చేవి. 2024 జూలై 1 నుంచి సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే పాత చట్టం) స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) వచ్చింది కాబట్టి కొత్త సెక్షన్ నంబర్లే ఇచ్చాను. అంతకు ముందు నుంచి నడుస్తున్న కేసుల కాగితాల మీద పాత నంబర్లు కనిపిస్తాయి, కంగారు పడకండి.

## మార్చాలా వద్దా అని తేల్చుకోలేనప్పుడు

కేసు మధ్యలో లాయర్ని మార్చుకోవచ్చా? జడ్జిగారికి కోపం వస్తుందేమో?

మార్చుకోవచ్చు. నచ్చిన లాయర్ని పెట్టుకునే హక్కు రాజ్యాంగం 22(1) అధికరణలోనే ఉంది, బీఎన్‌ఎస్‌ఎస్ 340 సెక్షన్‌లోనూ ఉంది. కారణం చెప్పమని కోర్టు మామూలుగా అడగదు. జడ్జిగారికి చిరాకు వచ్చేది లాయరు మారినందుకు కాదు, ఆ పేరు చెప్పి వాయిదా అడిగినందుకు. సాక్షి బోనులో నిలబడి ఉండగా "కొత్త లాయర్ని పెట్టుకుంటాం సార్" అన్నవాళ్లని చూశాను. ఆ రోజు మాట పడక తప్పలేదు.

మా లాయరు ఫోన్ ఎత్తరు. ఈ ఒక్క కారణం చాలా?

ఫోన్ ఎత్తకపోవడం వేరు, పని చేయకపోవడం వేరు. ఉదయం పదిన్నర నుంచి సాయంత్రం దాకా లాయరు కోర్టు హాల్లో ఉంటే ఫోన్ సైలెంట్‌లోనే ఉంటుంది. పని జరుగుతోందో లేదో మీరే చూసుకునే దారి ఉంది. ఫోన్‌లో ఈకోర్ట్స్ సర్వీసెస్ యాప్ వేసుకుని మీ కేసు సీఎన్ఆర్ నంబరు కొట్టండి. ఆ నంబరులో అక్షరాలూ అంకెలూ కలిపి 16 ఉంటాయి. ఏ వాయిదాకి ఏం జరిగింది, మళ్లీ ఎప్పుడు, దేనికి వేశారు అన్నది అందులో కనిపిస్తుంది.

లాయరు "బెయిలు పిటిషన్ వేశాను, ఆర్డర్స్‌లో ఉంది" అంటారు. యాప్‌లో అలాంటి పిటిషనే కనిపించదు. ఒకటి రెండు రోజులు ఆలస్యంగా ఎక్కడం మామూలే కాబట్టి వారం ఆగి చూడండి. అప్పటికీ లేకపోతే కోర్టుకి వెళ్లి బెంచ్ క్లర్కుని మర్యాదగా అడగండి. అక్కడా లేదంటే అనుమానించాల్సిందే.

పెద్దాయన్ని చూసి ఫీజు కట్టాం, వాయిదాలకి జూనియర్లే వస్తున్నారు. ఇది మోసమా?

మామూలు పేషీకి జూనియర్ రావడం కోర్టుల్లో రోజూ జరిగేదే. ముఖ్యమైన సాక్షి క్రాస్ ఎగ్జామినేషన్‌కీ (అవతలి పక్షం సాక్షిని ప్రశ్నించడానికీ) తుది వాదనలకీ కూడా పెద్దాయన రాకపోతే అడగండి. "క్రాస్ మీరే చేస్తారా?" అని వాయిదాకి వారం ముందే అడగాలి, ఆ పొద్దున కాదు.

ఏ సమయంలో మారిస్తే నష్టం?

రెండు సందర్భాల్లో చాలా జాగ్రత్త.

ఒకటి, మనిషి రిమాండ్‌లో ఉండి, చార్జిషీటు ఇంకా పడనప్పుడు. బీఎన్‌ఎస్‌ఎస్ 187(3) ప్రకారం మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాల్లో 90 రోజులు, మిగతావాటిలో 60 రోజులు దాటినా పోలీసులు చార్జిషీటు వేయకపోతే డిఫాల్ట్ బెయిలు అడిగే హక్కు వస్తుంది. గడువు దాటాక, చార్జిషీటు పడేలోపు అడిగితేనే ఆ హక్కు నిలుస్తుంది. పాత లాయరు వదిలేసి, కొత్త లాయరు ఇంకా రాని సందులో ఆ రోజు జారిపోతే ఇక దొరకదు. రిమాండ్ తేదీ నుంచి రోజులు మీరే లెక్కపెట్టి, కొత్త లాయరుకి మొదటి మాటగా చెప్పండి.

రెండు, సాక్షుల విచారణ నడుస్తున్నప్పుడు. "పాతాయన క్రాస్ సరిగా చేయలేదు, సాక్షులందరినీ మళ్లీ పిలిపిద్దాం" అని చాలామంది ఆశపడతారు. బీఎన్‌ఎస్‌ఎస్ 348 కింద సాక్షిని రీకాల్ చేసే అధికారం కోర్టుకి ఉంది. కానీ లాయరు మారడం ఒక్కటే దానికి కారణం కాదని సుప్రీంకోర్టు 2015లో ఢిల్లీ ప్రభుత్వం వర్సెస్ శివకుమార్ యాదవ్ కేసులో తేల్చింది. అందులో కొత్త లాయరు వచ్చాక సాక్షుల్ని మళ్లీ పిలవడానికి ఢిల్లీ హైకోర్టు ఒప్పుకుంది. సుప్రీంకోర్టు ఆ ఆర్డరు కొట్టేసింది. ఫలానా సాక్షిని ఫలానా ముఖ్యమైన ప్రశ్న అడగలేదు, అది అడగకపోతే న్యాయం జరగదు అని చూపించగలిగితేనే ఆశ. మార్చేదేదో కీలకమైన సాక్షి రాకముందే మార్చండి.

మా వాడు జైల్లో ఉన్నాడు. బయట నుంచి నేను లాయర్ని మార్చగలనా?

లాయర్ని వెతకడం, మాట్లాడుకోవడం, డబ్బు కట్టడం మీరు చేయొచ్చు. వకాలత్ మీద సంతకం మాత్రం జైల్లో ఉన్నవాడే పెట్టాలి, జైలు అధికారి ధ్రువీకరించాలి. కొత్త లాయరు గుమాస్తా ఖాళీ వకాలత్ ఇస్తాడు, ములాఖత్ రోజున తీసుకెళ్లి జైలు ఆఫీసులో ఇవ్వండి. సంతకమూ ముద్రా పడి బయటికి రావడానికి ఒక్కోసారి రెండు మూడు రోజులు పడుతుంది. వాయిదా ముందురోజు పరుగెత్తకండి.

ఇంకో మాట. తండ్రి ఒక లాయర్ని, బావమరిది ఇంకో లాయర్ని పెట్టి, ఇద్దరూ ఒకే వాయిదాకి లేచి నిలబడిన కేసు నాకు తెలుసు. లోపల ఉన్నవాడికి ఎవరు కావాలో ముందు వాడినే అడగండి.

మా ఊరి పెద్దమనిషి చెప్పిన లాయరు. మారిస్తే ఆయన ఏమనుకుంటారో?

ఏదో ఒకటి అనుకుంటారు. శిక్ష పడితే జైలుకి వెళ్లేది మాత్రం ఆయన కాదు. ఒక కాఫీ తాగి, ముందే ఒక మాట చెప్పి కదలండి, చాలు.

## మార్చే పని మొదలుపెట్టాక

నో అబ్జెక్షన్ అంటే ఏమిటి? అది తప్పనిసరా?

కొత్త వకాలత్ మీద గానీ విడి కాగితం మీద గానీ పాత లాయరు "నాకు అభ్యంతరం లేదు" అని రాసి సంతకం పెట్టడమే నో అబ్జెక్షన్. అప్పటికే ఒక లాయరు వకాలత్ గానీ మెమో ఆఫ్ అప్పియరెన్స్ (ఫలానావాళ్ల తరఫున హాజరవుతున్నానని లాయరు ఇచ్చే కాగితం) గానీ వేసి ఉన్న కేసులో, ఆయన సమ్మతి లేకుండా ఇంకో లాయరు హాజరు కాకూడదని, లాయర్లని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్స్‌లో 39వ రూలు చెబుతుంది. సమ్మతి దొరకకపోతే కారణం రాసి కోర్టు అనుమతి తీసుకోవాలని కూడా అదే రూలు చెబుతుంది. జనం మొదటి సగం విని ఆగిపోతారు.

మా ఆఫీసులో వరస ఇది. కొత్త వకాలత్ నింపి, కక్షిదారు సంతకం తీసుకుని, కోర్టు ఫీజు స్టాంపు, అడ్వకేట్ల సంక్షేమ నిధి స్టాంపు అంటించి, పాత లాయరుగారి దగ్గరికి నేనే తీసుకెళ్తాను. ఎక్కువమంది రెండు మాటలు గొణిగి సంతకం పెట్టేస్తారు. కక్షిదారు స్వయంగా వెళ్తేనే గొడవలవుతాయి.

పాత లాయరు సంతకం పెట్టనంటున్నారు. ఇక ఆయనతోనే వేగాలా?

అక్కర్లేదు. మీరు ఆయనకి రాతపూర్వకంగా "వకాలత్ ఉపసంహరించుకుంటున్నాను" అని పంపండి. వాట్సాప్‌లోనూ స్పీడ్ పోస్టులోనూ పంపి, ట్రాకింగ్ ప్రింటు దాచుకోండి. కొత్త లాయరు ఆ కాపీ జతచేసి, నో అబ్జెక్షన్ అడిగినా ఇవ్వలేదు, అనుమతించండి అని చిన్న పిటిషన్ వేస్తారు. కోర్టు పాతాయనకి నోటీసు ఇవ్వొచ్చు, నేరుగా అనుమతించనూ వచ్చు. ఇష్టం లేని లాయర్ని ముద్దాయి మీద రుద్దిన కోర్టుని ఇన్నేళ్లలో నేను చూడలేదు. కాకపోతే ఒక వాయిదా అటూ ఇటూ అవుతుంది.

ఫీజు బాకీ తీరిస్తేనే కట్ట ఇస్తానంటున్నారు. అలా ఆపుకోవచ్చా?

ఆపుకోకూడదు. ఇది తేలిపోయిన విషయం. 2000లో ఆర్.డి. సక్సేనా వర్సెస్ బలరాం ప్రసాద్ శర్మ కేసులో, ఫీజు బాకీ ఉందని కక్షిదారు ఫైళ్లు తన దగ్గర ఉంచుకునే హక్కు లాయరుకి లేదని సుప్రీంకోర్టు చెప్పింది. మధ్యప్రదేశ్‌లో ఒక సహకార బ్యాంకు తన లాయర్ని తీసేసి ఫైళ్లు అడిగితే, ఆయన 97,100 రూపాయల బిల్లు చూపించి అది కడితేనే ఇస్తానన్నారు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆయన్ని 18 నెలలు ప్రాక్టీసు నుంచి తప్పించింది. సుప్రీంకోర్టు శిక్షని మందలింపుకి తగ్గించింది గానీ, ఫైళ్లు ఆపడం తప్పే అని గట్టిగా చెప్పింది. బాకీ నిజమే అయితే దావా వేసుకోవచ్చు, కట్ట మాత్రం ఇచ్చేయాలి.

ఈ తీర్పు పేరు చెప్పి ఆఫీసులో కేకలు వేయకండి. ఉత్తరంలో ఒక వాక్యంగా రాస్తే ఎక్కువ పని చేస్తుంది. నిజంగా బాకీ ఉంటే అది ఎంతో కూడా ఆ ఉత్తరంలోనే ఒప్పుకోండి.

కట్ట కనపడటం లేదన్నారు. కేసు పోయినట్టేనా?

కాదు. లాయరు దగ్గర ఉండే కట్టలో చాలావరకు కోర్టులో ఉన్నవాటి నకళ్లే. ఎఫ్ఐఆర్, చార్జిషీటు, సాక్షుల వాంగ్మూలాలు, ఆర్డర్లు అన్నిటికీ కాపీ అప్లికేషన్ పెట్టి సర్టిఫైడ్ కాపీలు తెచ్చుకోవచ్చు. బీఎన్‌ఎస్‌ఎస్ 230 కింద చార్జిషీటు నకళ్లు ముద్దాయికి ఉచితంగా ఇస్తారు. అవి మీ పాత లాయరు తీసుకుని సంతకం చేసి ఉండొచ్చు, అప్పుడు రెండోసారి ఖర్చు పెట్టుకోవాలి.

కోర్టులో దొరకనివి మీ ఒరిజినల్ కాగితాలు. పాస్‌పోర్టు, జమానతుదారుల పట్టాదారు పాస్‌పుస్తకం, ఇంటిపన్ను రసీదు, మెడికల్ రిపోర్టులు, ఫోటోలున్న పెన్‌డ్రైవ్. వీటి జాబితా విడిగా రాసి అడగండి. "కట్ట ఇచ్చాం" అన్నాక ఇంటికొచ్చి విప్పితే లోపల ఇవే ఉండవు.

కొత్త లాయరు కేసు చదువుకునేదాకా వాయిదా ఇస్తారా?

చాలాసార్లు ఒకటి ఇస్తారు. బీఎన్‌ఎస్‌ఎస్ 346 కింద వాయిదాల మీద గట్టి పట్టు ఉంది. లాయరు ఇంకో కోర్టులో ఉన్నారన్నది కారణం కాదు, పరిస్థితులు చేయి దాటినప్పుడు కూడా రెండుకి మించి ఇవ్వకూడదు అని సెక్షన్‌లోనే రాసి ఉంది. హాల్లో కూర్చుంటే అంత కఠినంగా కనిపించదనుకోండి, అయినా దాన్నే నమ్ముకోవద్దు.

లాయరు మారే గొడవలో వాయిదాకి వెళ్లలేదు. వారెంటు వచ్చిందట?

నాన్ బెయిలబుల్ వారెంటు పడితే ఇంట్లో దాక్కోకండి. కొత్త లాయరుతో అదే కోర్టులో హాజరై, వారెంటు రీకాల్ పిటిషన్ వేయాలి. బీఎన్‌ఎస్‌ఎస్ 72(2) ప్రకారం ఇచ్చిన కోర్టే రద్దు చేయగలదు. పోలీసులు పట్టుకొచ్చేలోపు మీ అంతట మీరు వెళ్తే కోర్టు చూసే తీరు వేరుగా ఉంటుంది. లాయరు మారినా మారకపోయినా హాజరు మీ బాధ్యత. రాలేని రోజుకి 355 కింద గైర్హాజరు పిటిషన్ ఎవరో ఒకరు వేయాలి. ఎవరు వేస్తారో ముందురోజు సాయంత్రానికే తేలాలి.

పాత లాయరు మా సంగతులన్నీ అవతలివాళ్లకి చెప్పేస్తారేమో?

చెప్పకూడదు. కక్షిదారు చెప్పిన విషయాలు బయటపెట్టకూడదనే నిబంధన భారతీయ సాక్ష్య అధినియం 132 సెక్షన్‌లో ఉంది, వకాలత్ పోయాక కూడా అది వర్తిస్తుంది. అదే కేసులో అవతలి పక్షం తరఫున ఆయన హాజరు కావడానికీ బార్ కౌన్సిల్ రూల్స్ ఒప్పుకోవు.

నేను అమెరికాలో ఉన్నాను, హైదరాబాద్‌లో నా మీద భార్య పెట్టిన కేసు ఉంది. ఇక్కడి నుంచి మార్చడం ఎలా?

వకాలత్ పీడీఎఫ్ తెప్పించుకుని, ప్రింటు తీసి, భారత కాన్సులేట్‌లో సంతకం ధ్రువీకరింపజేసి అసలు కాగితం కొరియర్‌లో పంపడం వాడుక. కాన్సులేట్ అపాయింట్‌మెంటుకే రోజులు పడతాయి కాబట్టి నో అబ్జెక్షన్ సంగతి ఈలోగా నాన్నగారో అన్నయ్యో చూసుకోవాలి. ఇక్కడ ఒక చెడ్డ అలవాటు చూశాను. "డాలర్లలో సంపాదిస్తున్నాడు కదా" అని ప్రతి వాయిదాకీ విడిగా వసూలు చేస్తారు. వాయిదా అసలు జరిగిందో లేదో యాప్‌లో చూశాకే డబ్బు పంపండి.

## డబ్బు వెనక్కి అడిగేటప్పుడు

ఇచ్చిన ఫీజులో ఎంత వెనక్కి వస్తుంది?

చేసిన పనికి ఇచ్చింది రాదు. చేయని పనికి ముందుగా ఇచ్చింది అడగొచ్చు. లాయరు తానే తప్పుకుంటే, సంపాదించని భాగం తిరిగి ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 12వ రూలు నేరుగా చెబుతుంది. మీరే తీసేస్తే, మీ మధ్య ఏం ఒప్పందం ఉందో, ఎంత పని జరిగిందో దాన్నిబట్టి తేలుతుంది. అక్కడ వాదనకి చోటుంది.

ఒక ఉదాహరణ. మొత్తం కేసుకి 1,20,000 మాట్లాడుకున్నారు, 80,000 ఇచ్చారు. బెయిలు వచ్చింది, చార్జిషీటు నకళ్లు తీసుకున్నారు, సాక్షి ఒక్కరూ రాలేదు. సాక్షుల విచారణ, వాదనలు మొత్తం మిగిలే ఉన్నాయి. ఇలాంటి చోట లాయరు "బెయిలుకే 60,000" అంటారు, మీరు "బెయిలుకి 25,000 అన్నారు" అంటారు. రాత లేకపోతే నడి మధ్యలో ఎక్కడో తెగుతుంది. 80,000 మొత్తం ఇవ్వాలని పట్టుబట్టినవాళ్లకి పైసా రావడం నేను చూడలేదు. "బెయిలుకి 40,000 ఉంచుకోండి, 40,000 ఇవ్వండి" అన్నవాళ్లకి ఎంతో కొంత వచ్చింది.

ఫీజు వేరు, ఖర్చు వేరు అని కూడా గుర్తుంచుకోండి. స్టాంపులకి, కాపీలకి అని తీసుకున్న డబ్బుని మీ రాతపూర్వక సమ్మతి లేకుండా, కేసు నడుస్తుండగా ఫీజు కింద మార్చుకోకూడదు. లెక్క అడిగితే ఇవ్వాలి. 25 నుంచి 30 వరకు రూల్స్ ఈ లెక్కల గురించే.

రసీదు ఒక్కటీ లేదు. అంతా చేతికే ఇచ్చాం. ఏం చేయాలి?

రసీదు లేనంత మాత్రాన లెక్క లేదని కాదు. ఫోన్‌పే, గూగుల్ పే వివరాలు, ఆ రోజు ఏటీఎంలో తీసిన స్టేట్‌మెంటు, "సార్, 10,000 ఇచ్చాను, చూసుకోండి" అన్న వాట్సాప్ మెసేజు, తోడు వచ్చినవాళ్లు, ఇవన్నీ పనికొస్తాయి.

ఒకావిడ మా ఆఫీసుకి పాత గోడ క్యాలెండరు గుండ్రంగా చుట్టి, రబ్బరు బ్యాండు వేసి తెచ్చింది. విప్పితే తారీకు గళ్లలో పాల లెక్క, గ్యాసు వచ్చిన రోజు, వాటి పక్కనే పెన్సిలుతో "వకీలు 5000", "వకీలు 3000 తమ్ముడు తోడు". కొడుకు కేసుకి పద్నాలుగు నెలల్లో మొత్తం 41,000. ఆ తేదీలు యాప్‌లోని వాయిదా తేదీలతో పోల్చి చూస్తే ఒకటి రెండు తప్ప అన్నీ సరిపోయాయి. పాత లాయరుగారు ముందు 15,000 మించి తీసుకోలేదన్నారు. ఆ క్యాలెండరు బల్ల మీద పరిచాక కాసేపు చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, 18,000 ఇస్తానన్నారు. రెండు విడతల్లో ఇచ్చారు కూడా.

ఇప్పటికైనా ఒక పుస్తకంలో గుర్తున్నంత రాయండి. గుర్తులేనివి ఊహించి నింపకండి, ఒక్క తప్పుడు తేదీ దొరికితే మిగతావాటి మీదా నమ్మకం పోతుంది.

ముందు ఏమని రాయాలి? లీగల్ నోటీసు ఇవ్వాలా?

మొదట మామూలు ఉత్తరం. బెదిరింపు లేకుండా, లెక్క అడుగుతూ. మేము వాడే నమూనా ఇది:

"గౌరవనీయులైన అడ్వకేట్ గారికి, సి.సి. నంబరు ……, …… కోర్టు కేసులో మీకు ఇచ్చిన వకాలత్‌ను ఈ తేదీ నుంచి ఉపసంహరించుకుంటున్నాను. …… తేదీ మొదలు …… వరకు మీకు మొత్తం రూ. …… ఇచ్చాను, వివరాలు వెనక పేజీలో ఉన్నాయి. అందులో ఫీజు ఎంత, ఖర్చు ఎంత, జరిగిన పని ఏమిటో లెక్క పంపగలరు. చేయవలసి ఉన్న పనికి ముందుగా తీసుకున్న మొత్తాన్ని, కేసు కట్టను, జాబితాలోని నా ఒరిజినల్ కాగితాలను 15 రోజుల్లో ఇప్పించగలరు. తదుపరి వాయిదా …… తేదీన ఉన్నందున కట్ట అత్యవసరం."

దీనికి జవాబు రాకపోతే అప్పుడు ఇంకో లాయరు చేత నోటీసు. అదే ఊరి బార్‌లో తోటి లాయరు మీద నోటీసు ఇవ్వడానికి చాలామంది వెనకాడతారు. పక్క ఊరి లాయర్ని చూసుకోవాల్సి రావొచ్చు.

కన్స్యూమర్ కోర్టుకి వెళ్లొచ్చా?

లేదు. ఆ దారి మూసుకుపోయింది. లాయర్ల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని 2024 మే 14న బార్ ఆఫ్ ఇండియన్ లాయర్స్ వర్సెస్ డి.కె. గాంధీ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2007లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఇచ్చిన ఎదురు తీర్పుని పట్టుకుని ఇంకా కొందరు సలహాలిస్తున్నారు. అది ఇప్పుడు చెల్లదు.

బార్ కౌన్సిల్‌లో ఫిర్యాదు చేస్తే డబ్బు ఇప్పిస్తారా?

దాన్ని డబ్బు వసూలు చేసే చోటుగా చూడకండి. అడ్వకేట్స్ యాక్ట్ 35వ సెక్షన్ కింద ఫిర్యాదుని కొట్టేయవచ్చు, మందలించవచ్చు, కొంతకాలం ప్రాక్టీసు ఆపవచ్చు, రోల్ (నమోదైన లాయర్ల పట్టిక) నుంచి పేరే తీసేయవచ్చు. ఫీజు వాపసు అన్నది ఆ జాబితాలో లేదు. అయినా నోటీసు అందాక రాజీకి వచ్చే లాయర్లు ఉంటారు.

ఏ రాష్ట్ర రోల్‌లో ఆయన పేరుందో ఆ బార్ కౌన్సిల్‌కే ఫిర్యాదు. వకాలత్ మీద ఎన్‌రోల్‌మెంట్ నంబరు ఉంటుంది. రాష్ట్రం విడిపోకముందు నమోదైనవాళ్లు ఇప్పుడు ఏ వైపు ఉన్నారో ఆఫీసులో ఒకసారి కనుక్కోండి. ఫిర్యాదు తెలుగులో రాయొచ్చు. పిటిషన్ రూపంలో, సంతకం, వెరిఫికేషన్‌తో, నిర్ణీత ఫీజు కట్టి ఇవ్వాలి. రాష్ట్ర కమిటీ ఏడాదిలోపు తేల్చకపోతే 36బి సెక్షన్ ప్రకారం అది బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి మారుతుంది. తీర్పు నచ్చకపోతే 60 రోజుల్లో అక్కడికే అప్పీలు. ఒకసారి ఫిర్యాదు పెట్టాక "రాజీ పడ్డాం, వదిలేయండి" అన్నంత మాత్రాన తప్పనిసరిగా మూసేయరు. బెదిరించడానికి మాత్రమే అయితే పెట్టకండి.

మరి డబ్బు కోసం ఎక్కడికి వెళ్లాలి?

ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థకి. దావా వేయకముందే అక్కడ ప్రీ లిటిగేషన్ అర్జీ ఇవ్వొచ్చు, కోర్టు ఫీజు ఉండదు. అవతలి లాయరుకి నోటీసు పంపి కూర్చోబెడతారు. ఒప్పందం కుదిరితే లోక్ అదాలత్ అవార్డు ఇస్తారు. దానికి సివిల్ కోర్టు డిక్రీకి ఉన్నంత బలం ఉంటుంది, అప్పీలు ఉండదు. కుదరకపోతే ఏమీ ఇవ్వరు, ఇష్టం లేనివాళ్లని బలవంతపెట్టరు. యాభై వేల లోపు తగాదాలకి నా ఓటు దీనికే.

కుదరకపోతే సివిల్ దావా. గడువు మూడేళ్లు. బార్ కౌన్సిల్‌లో ఫిర్యాదు నడుస్తోంది కదా అని ఈ గడువు ఆగదు. కోర్టు ఫీజు, కొత్త లాయరు ఫీజు, తిరిగే ఖర్చు కూడి చూసుకోండి. 20,000 కోసం 30,000 ఖర్చు పెట్టి, "డబ్బు కాదండీ, పంతం" అన్నాయన నాకు తెలుసు. ఆ పంతం నాలుగేళ్లు నడిచింది.

చీటింగ్ కేసు పెట్టొచ్చా?

ఫీజు తీసుకుని పని సరిగా చేయకపోవడం చీటింగ్ కాదు. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉండాలి. లేని బెయిలు ఆర్డరు సృష్టించి చూపించడం, వేయని పిటిషన్‌కి దొంగ నంబరు చెప్పి డబ్బు తీసుకోవడం, అసలు లాయరే కాకపోవడం లాంటివి వేరు. వాటికి పోలీసు స్టేషన్‌కి వెళ్లొచ్చు. వెళ్లేముందు ఆ ఆర్డరు నిజమో కాదో కోర్టులో రాతపూర్వకంగా తేల్చుకోండి.

"జడ్జిగారికి ఇవ్వాలి" అని రెండు లక్షలు తీసుకున్నారు. పని కాలేదు. వెనక్కి ఎలా?

ఇది ఫీజు కాదు, లంచం. అక్రమమైన పనికి ఇచ్చిన డబ్బుని ఇప్పించమని సివిల్ కోర్టుని అడిగితే చేయి పట్టదు. పైగా అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత ఇచ్చినవాడిదీ నేరమే. బలవంతం మీద ఇస్తే, ఏడు రోజుల్లోపు అధికారులకి తెలియజేస్తే రక్షణ ఉంది. ఏసీబీకి గానీ హైకోర్టు విజిలెన్స్ రిజిస్ట్రార్‌కి గానీ చెప్పడం దారి. చాలా సందర్భాల్లో జడ్జిగారికి ఆ సంగతే తెలియదు, డబ్బు మధ్యలోనే ఆగుతుంది. బెయిలు ఎలాగూ వచ్చే కేసుల్లోనే ఈ వసూళ్లు ఎక్కువని కోర్టులో పనిచేసేవాళ్లందరికీ తెలుసు.

ఖాళీ చెక్కులు తీసుకున్నారు. లాయర్ని మారిస్తే బౌన్స్ కేసు వేస్తారేమో?

వేయొచ్చు. కానీ మీకూ జవాబుంది. 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు బి. సునీత వర్సెస్ తెలంగాణ రాష్ట్రం కేసులో తీర్పిచ్చింది. భర్త రోడ్డు ప్రమాదంలో పోయిన ఆవిడ నష్టపరిహారం కేసులో అప్పటికే 10 లక్షల ఫీజు ఇచ్చారు. తర్వాత ఇంకో 3 లక్షలకి చెక్కు రాయించుకున్నారు. అది బౌన్స్ అయిందని లాయరు కేసు వేశారు. వచ్చే పరిహారంలో శాతం చొప్పున ఫీజు అనడం చట్టవిరుద్ధమని చెప్పి సుప్రీంకోర్టు ఆ చెక్కు కేసుని కొట్టేసింది. క్రిమినల్ కేసులో "కొట్టేయిస్తే ఇంత" అని ఫలితం మీద ఫీజు పెట్టడం కూడా బార్ కౌన్సిల్ 20వ రూలు ప్రకారం నిషిద్ధం.

ఇప్పుడు చేయాల్సింది: చెక్కు నంబర్లు రాసి, వాటిని తిరిగి ఇవ్వమని ఉత్తరం పంపండి. బౌన్స్ నోటీసు వస్తే అందిన 15 రోజుల్లోపు తప్పకుండా జవాబు ఇప్పించండి. ఆ 15 రోజులు ఊరుకున్నవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు.

శిక్ష పడింది. ఫీజు మొత్తం వెనక్కి అడగొచ్చా?

ఓడిపోయారన్న ఒక్క కారణంతో కాదు. అప్పీలు గడువు నడుస్తోంది, ముందు తీర్పు కాపీ తెచ్చుకోండి.

మా లాయరుగారు చనిపోయారు. కట్ట, డబ్బు ఎవరిని అడగాలి?

నో అబ్జెక్షన్ అవసరం లేదు, కొత్త వకాలత్‌తో పాటు ఆ సంగతి మెమోలో రాస్తే చాలు. కట్ట ఆయన జూనియర్ దగ్గరో ఇంట్లోనో ఉంటుంది. పదకొండో రోజు దాటాక వెళ్లండి. ఫీజు సంగతి నన్నడిగితే వదిలేయమంటాను.

## కొత్త లాయరు దొరికాక

ఈసారి మోసపోకుండా ఏం రాయించుకోవాలి?

ఒక తెల్ల కాగితం చాలు. బెయిలుకి ఎంత, చార్జిషీటు నుంచి సాక్షుల దాకా ఎంత, వాదనలకి ఎంత, ఖర్చులు అందులోనా విడిగానా, హైకోర్టుకి వెళ్తే మళ్లీ మాట్లాడుకోవాలా. కింద ఇద్దరి సంతకాలు. సంతకానికి ఆయన ఇష్టపడకపోతే, ఇవే మాటలు వాట్సాప్‌లో పంపి "సరేనా సార్?" అని అడగండి. ఆయన "ఓకే" అన్నా చాలు. దశలవారీగా కట్టండి, మొత్తం ఒకేసారి పోయకండి.

ఉన్నదంతా పాత లాయరుకే పోయింది. ఇక లాయర్ని పెట్టుకునే స్తోమత లేదు. ఏం చేయాలి?

ఉచితంగా లాయర్ని ఇస్తారు. జైల్లో ఉన్నవాళ్లకి ఆదాయంతో పని లేదు. స్త్రీలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులకీ అంతే. మిగతావాళ్లకి ఆదాయ పరిమితి ఉంటుంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో అర్జీ ఇవ్వండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఇప్పుడు చాలా జిల్లాల్లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ అని క్రిమినల్ కేసులకే ప్రత్యేకంగా, ఆఫీసు పెట్టుకుని పనిచేసే లాయర్లు ఉన్నారు. "ఫ్రీ లాయరు కదా, పట్టించుకోడు" అన్న మాట వింటుంటాను. వాళ్లు క్రాస్ చేస్తున్నప్పుడు ఒకసారి హాల్లో కూర్చుని చూసి అప్పుడు చెప్పండి.

ఈ లాయరు మీ దగ్గర పైసా తీసుకోకూడదు. అడిగితే అదే ఆఫీసులో సెక్రటరీగారికి చెప్పండి, ఆయన కూడా జడ్జే.

ఫీజు గొడవ కూడా కొత్త లాయరుకే అప్పజెప్పనా?

వద్దు. క్రిమినల్ కేసు ఒకరికి, డబ్బు తగాదా ఇంకొకరికి. రోజూ అదే బార్ రూములో పాత లాయరు పక్కన కూర్చోవాల్సిన మనిషి మీ కొత్త లాయరు. ఆయనకి కట్ట సజావుగా చేతికి రావాలి, పాతాయన్ని "ఫలానా సాక్షి గురించి మీ నోట్సులో ఏముంది?" అని అడగగలగాలి. కట్ట మామూలుగా ఇచ్చేస్తే, మొదటి వాయిదా దాటాక డబ్బు ఉత్తరం పంపండి; ఇవ్వకపోతేనే పై నమూనాలోలా రెండూ కలిపి అడగండి. మూడేళ్లలో ఆ రెండు వారాలు తగ్గితే ఏమీ కాదు.